పాంథర్ ఛాసిస్ సర్వీసు రిజిస్టరు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతీ, మెడికల్ బిల్లుల సంగతీ కార్యదర్శిగారు ఉదయమే వివరంగా చెప్పారు. భోజనాలకు ముందు ఓ అరగంట బండ్ల గురించి ఏదైనా మాట్లాడమని నన్ను కోరారు. వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి, బండ్ల మాట అంటే కాదనలేను. మనందరికీ తెలిసిన బండి గురించి చెబితే ఇక్కడ నన్ను దిద్దేవాళ్ళే ఎక్కువమంది ఉంటారు. అందుకని సముద్రాల అవతలి బండిని ఎంచుకున్నాను. అమెరికాలో ఫోర్డ్ కంపెనీవారు 1978 నుంచి 2011 దాకా, అంటే 33 ఏళ్ళపాటు, పెద్ద కార్లను ఒకే ఛాసిస్ డిజైను మీద కట్టారు. కంపెనీలో దానికి పెట్టుకున్న పేరు పాంథర్. అంటే చిరుతపులి. పేరు చిరుతపులే కానీ, నడక మాత్రం ఏనుగుది.

మీలో కొందరు దాన్ని చూసే ఉంటారు. పిల్లల దగ్గరికని 2011కు ముందు అమెరికా వెళ్ళినవాళ్ళకు విమానాశ్రయం బయట బారులు తీరిన పొడవాటి నల్లకార్లు గుర్తుండే ఉంటాయి. అవి ఎక్కువగా లింకన్ టౌన్ కార్లు. న్యూయార్క్ వీధుల్లోని పచ్చ టాక్సీలూ, ఇంగ్లీషు సినిమాల్లో దొంగల వెంటపడే పోలీసు కార్లూ చాలావరకు ఫోర్డ్ క్రౌన్ విక్టోరియాలు. ఈ రెంటికీ మధ్య తరగతి బండి ఒకటుంది, మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్. పేర్లు మూడు, ధరలు మూడు, హోదాలు మూడు. కింద ఉన్న ఎముకల గూడు మాత్రం ఒక్కటే. ఈవేళ నేను చెప్పబోయేది ఆ ఎముకల గూడు సర్వీసు రిజిస్టరు.

ప్లాట్‌ఫారం అంటే ఏమిటి?

మోటారు కంపెనీలవాళ్ళు దీన్ని ప్లాట్‌ఫారం అంటారు. ఆ మాట వింటే మనకు సికింద్రాబాదు స్టేషనే గుర్తొస్తుంది. కానీ మన సంస్థలో పనిచేసినవాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. వెనకటి రోజుల్లో ఉత్త ఛాసిస్ ఫ్యాక్టరీ నుంచి రోడ్డు మీద నడిచి వచ్చేది. తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండకూ వానకూ ఓర్చుకుంటూ డ్రైవరు దాన్ని తెచ్చి మనకు అప్పగించేవాడు. దాని మీద మనం బాడీ కట్టేవాళ్ళం. పల్లెవెలుగు కావాలంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ కావాలంటే ఎక్స్‌ప్రెస్. కింద పొడుగు దూలాలు రెండు, అడ్డ దూలాలు, ముందు ఇంజను, వెనక ఇరుసుకు శక్తిని అందించే షాఫ్టు. పైన ఏం కట్టుకున్నా కింద ఉన్నది మారదు.

కార్లు కూడా మొదట్లో ఇలాగే ఉండేవి. తరవాత అడుగు రేకూ, గోడలూ, పైకప్పూ అన్నీ కలిపి ఒకే పెట్టెలా అతికించే పద్ధతి వచ్చింది. దానివల్ల బరువు తగ్గుతుంది, ఆయిలు ఆదా అవుతుంది. కానీ ఆ పెట్టెలో ఒక మూల గట్టి దెబ్బ తగిలితే దాని ప్రభావం పెట్టె మొత్తం మీద పడుతుంది. పాంథర్ పాత పద్ధతిదే. కింద ఉక్కు ఫ్రేము, దాని మీద రబ్బరు దిమ్మెలు, ఆ పైన బోల్టులతో బిగించిన బాడీ. రోడ్డు కుదుపు ఫ్రేములోనూ, రబ్బరులోనూ చాలావరకు ఇంకిపోగా మిగిలిందే మనిషికి చేరుతుంది. ఆ మెత్తటి నడకే అమెరికావాడికి పెద్ద కారు విలాసం.

నియామకం: చిన్నది కావాలని పుట్టిన పెద్ద కారు

1970ల నాటి లింకన్ కాంటినెంటల్ పొడవు పందొమ్మిది అడుగులు దాటేది. మన అంబాసిడర్ పొడవు రమారమి పద్నాలుగు అడుగులు. 1978 దాకా ఆ లింకన్‌లో ఏడున్నర లీటర్ల ఇంజను దొరికేది. పెట్రోలు నీళ్ళలా దొరికే దేశంలో ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. బంకుల దగ్గర క్యూలు కట్టడం ఆ దేశం అప్పుడే నేర్చుకుంది. 1975లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక్కొక్క కంపెనీ ఆ ఏడాది అమ్మిన కార్లన్నిటి సగటు మైలేజీని లెక్కకడతారు. 1978 మోడళ్ళకు ఆ సగటు గ్యాలనుకు 18 మైళ్ళు ఉండాలి, 1985 నాటికి 27.5 మైళ్ళు కావాలి. మన లెక్కలో చెప్పాలంటే లీటరుకు ఏడున్నర కిలోమీటర్ల నుంచి పదకొండున్నర దాటాలి. తక్కువైన ప్రతి పదోవంతు మైలుకు, అమ్మిన ఒక్కొక్క కారు మీద 5 డాలర్ల చొప్పున జరిమానా ఉండేది. ఇక్కడ సగటు అన్న మాటను గుర్తుంచుకోండి. దాని ప్రతాపం ముందుముందు చూస్తారు.

జనరల్ మోటార్స్ వారు ముందుగా మేల్కొని 1977 మోడళ్ళలోనే తమ పెద్ద కార్లను కుదించారు. ఫోర్డ్ వారు "మా కారు ఇంకా పెద్దదే" అని ప్రకటనలు వేశారు. కానీ కుదించిన షెవర్లే బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. అప్పటికే ఫోర్డ్ ఇంజనీర్లు తమ సమాధానాన్ని తయారుచేస్తున్నారు. అదే పాంథర్. 1978 ఆఖరులో, 1979 మోడల్‌గా, ఫోర్డ్ ఎల్.టి.డి., మెర్క్యురీ మార్క్విస్ దాని మీద వచ్చాయి. పాత ఎల్.టి.డి. కన్నా అడుగుకు పైగా పొట్టి, వందల కిలోలు తేలిక. లోపల మనుషులు కూర్చునే చోటు మాత్రం తగ్గించలేదు. 1980లో లింకన్లు కూడా దాని మీదికి వచ్చాయి. 1981లో వాటిలో ఒకదానికి టౌన్ కార్ అన్న పేరు స్థిరపడింది.

బండి బయటికి వచ్చే వేళకు ఇంట్లో గొడవలు. 1978 జులైలో కంపెనీ అధ్యక్షుడు లీ అయకోకాను హెన్రీ ఫోర్డ్ 2 పదవి నుంచి తొలగించాడు. మరుసటేడు ఇరాన్‌లో విప్లవం వచ్చి చమురు ధర మళ్ళీ ఎగబాకింది. పెద్ద కార్లలో చిన్నది కావాలని కన్న బిడ్డ పుట్టీపుట్టగానే "ఇంత పెద్దదా?" అనిపించుకుంది. 1980 నుంచి 1982 దాకా మూడేళ్ళలో ఫోర్డ్ కంపెనీ 300 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది.

మొదటి పొడిగింపు

మామూలుగా అయితే పాంథర్ కథ అక్కడే ముగియాలి. ముందు చక్రాలకు శక్తినిచ్చే తేలికైన కార్లదే భవిష్యత్తని అందరూ నిర్ణయించేసుకున్నారు. ఫోర్డ్ కూడా అదే అనుకుంది. కానీ పెద్ద కారుకు కొత్త డిజైను చెయ్యాలంటే డబ్బు కావాలి. ఉన్న డబ్బంతా 1985 చివర వచ్చిన టారస్ అనే కొత్త కారు కోసం కూడబెట్టారు. కాబట్టి పాంథర్‌ను అలాగే నడవనిచ్చారు. మన భాషలో చెప్పాలంటే, ఆ పోస్టులో కొత్తవాణ్ణి వేసేదాకా పాతవాణ్ణే కొనసాగించారు.

ఇంతలో రెండు సంగతులు జరిగాయి. 1985 మోడళ్ళకు జనరల్ మోటార్స్ వారు తమ కాడిలాక్ డివిల్‌ను మరీ కుదించి, ముందు చక్రాల కారుగా మార్చారు. కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్ మూడూ అచ్చంగా ఒక్కలాగే కనిపించసాగాయి. లింకన్ వారు టెలివిజన్‌లో దాని మీద ఒక ప్రకటన వేశారు. ఒక ఖరీదైన హోటలు ముందు, ఏ కారు ఎవరిదో తెలియక జనం తికమకపడుతుంటారు. టౌన్ కార్ యజమాని మాత్రం తన కారును ఇట్టే గుర్తుపట్టి ఎక్కి వెళ్ళిపోతాడు. రెండోది, 1986లో చమురు ధర కుప్పకూలింది. బ్యారెల్ పది డాలర్ల దాకా దిగింది. పెద్ద కారు కొనాలనుకునేవాడికి ఇక అడ్డు లేదు. కొందామంటే నిజమైన పెద్ద కార్లు అంగట్లో పెద్దగా లేవు. మారకుండా ఉన్నందుకే పాంథర్‌కు గిరాకీ వచ్చింది.

రెండో పొడిగింపు, ఒక లెక్కల గమ్మత్తు

ఆ గిరాకీ చూసి కంపెనీ ఈసారి కాస్త డబ్బు పెట్టింది. 1990 టౌన్ కార్‌కు కొత్త బాడీ వచ్చింది, మూలలు గుండ్రబడ్డాయి. మోటర్ ట్రెండ్ పత్రిక ఆ ఏటి మేటి కారుగా దాన్ని ఎంపిక చేసింది. ఫ్రేము మాత్రం పాతదే. 1991లో టౌన్ కార్‌కు 4.6 లీటర్ల కొత్త వి-8 ఇంజను వచ్చింది. దాన్ని మిషిగన్ రాష్ట్రంలో రోమియో అనే ఊళ్ళో తయారుచేసేవారు. 1992లో క్రౌన్ విక్టోరియాకూ, గ్రాండ్ మార్క్విస్‌కూ కొత్త బాడీ, అదే ఇంజను. ఆ ఇంజను లక్షల మైళ్ళు తిరిగిన టాక్సీలు అమెరికాలో మామూలు దృశ్యం అయ్యాయి.

ఇప్పుడు సగటు సంగతి. ఆ చట్టంలో రెండు ఖాతాలున్నాయి. స్వదేశీ కార్ల సగటు ఒకటి, దిగుమతి కార్ల సగటు ఒకటి. విడిభాగాల విలువలో 75 శాతం స్వదేశీ అయితే ఆ కారు మొదటి ఖాతాలోకి, కాకపోతే రెండో ఖాతాలోకి వెళుతుంది. అప్పట్లో చట్టం కెనడాను కూడా స్వదేశంగానే లెక్కకట్టేది. పెద్ద కార్లు స్వదేశీ సగటును కిందికి లాగుతున్నాయి. ఫోర్డ్ దిగుమతి ఖాతాలో కొరియా నుంచి వచ్చే బుల్లి కార్లుండడం వల్ల అక్కడ సగటు దండిగా ఉంది. అందుకని 1992లో కంపెనీవారు క్రౌన్ విక్టోరియా విడిభాగాలు కొన్నిటిని కావాలనే విదేశాల నుంచి తెప్పించి, స్వదేశీ వాటాను 75 శాతం కన్నా దిగువకు దించారు. దాంతో అమెరికా పోలీసులు వాడే అచ్చ అమెరికన్ కారు కాగితాల్లో విదేశీ కారైపోయింది! ఒక్క లీటరు పెట్రోలు కూడా ఆదా కాలేదు, రెండు ఖాతాలూ సరిపోయాయి. ఆడిట్ అభ్యంతరాలకు సమాధానాలు రాసిన మన అకౌంట్సు మిత్రులు దీన్ని నాకన్నా బాగా ఆస్వాదిస్తారు.

మూడో పొడిగింపు: ఒంటరి ప్రయాణం

1996లో జనరల్ మోటార్స్ వారు తమ పాత పద్ధతి పెద్ద కార్లను - షెవర్లే కాప్రిస్, బ్యూక్ రోడ్‌మాస్టర్, కాడిలాక్ ఫ్లీట్‌వుడ్ - ఒక్కసారిగా ఆపేశారు. టెక్సస్‌లో అవి తయారయ్యే ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీని ట్రక్కులకూ, ఎత్తైన ఎస్‌యూవీలకూ మార్చేశారు. వాటి మీద లాభం ఎక్కువ. పైగా చట్టం వాటిని ట్రక్కుల ఖాతాలో వేసి, మైలేజీ విషయంలో మెత్తగా చూసింది. అప్పటి నుంచి అమెరికాలో ఫ్రేము మీద బాడీ కట్టిన పెద్ద సెడాన్ అంటే పాంథర్ ఒక్కటే మిగిలింది.

అప్పుడు దాన్ని కొన్నవాళ్ళెవరు? నలుగురు.

మొదటివాడు పోలీసు. పోలీసు బండి రోజంతా నడుస్తుంది, ఆగినా ఇంజను ఆగదు, పేవ్‌మెంటు గట్లెక్కి దూకుతుంది, తరచుగా గుద్దుకుంటుంది. ఫ్రేము బండి అయితే వంగిన రెక్కను విప్పి మరో రెక్క బిగిస్తే మర్నాడు డ్యూటీకి సిద్ధం. ఏళ్ళ తరబడి అవే విడిభాగాలు, అదే మెకానిక్కు. స్పేరు పార్టు కోసం బండిని నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన బాధ మనకు తెలుసు గనుక, దాని విలువ మనకు అర్థమవుతుంది.

రెండోవాడు టాక్సీవాడు. న్యూయార్క్‌లో వెనకటి చెకర్ టాక్సీల తయారీ 1982లో ఆగిపోయింది. చివరి చెకర్ 1999లో రోడ్డు దిగింది. ఆ స్థానాన్ని క్రౌన్ విక్టోరియా నింపింది. పోలీసులు కండెమ్ చేసి వేలం వేసిన బండ్లను కొని, రంగు మార్చి మళ్ళీ టాక్సీగా తిప్పినవాళ్ళు అమెరికా పట్టణాల్లో ఎందరో. ఒక జన్మలో రెండు ఉద్యోగాలన్నమాట.

మూడోవాడు లిమోజిన్‌వాడు. టౌన్ కార్‌ను మధ్యకు కోసి, ఫ్రేముకు ముక్క అతికి, పొడుగు చేసి పెళ్ళి బండి కట్టొచ్చు, శవవాహనం కట్టొచ్చు. ఒకే పెట్టెలా ఉండే బాడీతో ఆ పని అంత సులువుగా కాదు. ఛాసిస్ మీద బాడీ కట్టిన చేతులకు ఈ రహస్యం విడమరచి చెప్పక్కర్లేదు.

నాలుగోవాడు మనవాడే. అంటే రిటైరైనవాడు. గ్రాండ్ మార్క్విస్ అంటే ముసలివాళ్ళ కారని అమెరికాలో హాస్యమాడేవారు. ఫ్లోరిడాలో రిటైరైనవాళ్ళు స్థిరపడే ఊళ్ళలో ఇంటింటి ముందూ అదే. నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, ఆ పెద్దలు తెలివితక్కువవాళ్ళు కారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాడికి విలాసమంటే తోలు సీటూ కాదు, పాటల పెట్టే కాదు. తలుపు బార్లా తెరుచుకోవాలి, సీటు నడుము ఎత్తుకు దగ్గరగా ఉండాలి, కూర్చున్నాక కుదుపు వెన్నెముకకు చేరకూడదు. చక్రాల కుర్చీని మడిచి పెట్టేంత డిక్కీ ఉండాలి. రాత్రిపూట కూడా చేతికి తెలిసేట్టు బొత్తాలు ఎక్కడివక్కడే ఉండాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఎంక్వయిరీ

సర్వీసు రిజిస్టరన్నాక మెచ్చుకోళ్ళే కాదు, ఎంక్వయిరీలు కూడా రాయాలి. పాంథర్‌లో పెట్రోలు ట్యాంకు వెనక ఇరుసుకూ డిక్కీకీ మధ్య ఉంటుంది. 1970లలో చాలా కార్లకు అదే పద్ధతి. తరవాత వచ్చిన కార్లలో ట్యాంకును ఇరుసుకు ముందుకు, కాస్త రక్షణ ఉన్న చోటికి జరిపారు. పాంథర్‌లో పాత చోటే ఉండిపోయింది. పోలీసు కారు హైవే పక్కన నిలబడి ఉండగా వెనక నుంచి మరో బండి మహావేగంతో గుద్దితే ట్యాంకు పగిలి మంటలు లేచేవి. అలా కొందరు పోలీసులు కాలి చనిపోయారు, కొందరు ఒళ్ళంతా కాలి బతికారు.

కేంద్ర ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ విచారణ జరిపి, కారులో లోపముందని తేల్చకుండానే 2002లో దాన్ని ముగించింది. ఆ సంవత్సరమే కంపెనీవారు ట్యాంకు చుట్టూ రక్షణ కవచాల కిట్టు ఇచ్చారు. 2005 మోడల్ నుంచి పోలీసు కార్లకు మంటలార్పే పరికరాన్ని, అదనపు ధరకు, అమర్చారు. లోపం లేదని కాగితం మీద ఉన్నా, కవచం ఎందుకు కట్టాల్సి వచ్చిందన్నది చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు అడిగే ప్రశ్న. పాతది గట్టిదనే మాట నిజమే. కానీ కాలం నేర్పిన పాఠాన్ని పాతదానికి కూడా నేర్పకపోతే, ఆ గట్టితనానికి మరొకరు మూల్యం చెల్లించాల్సి వస్తుంది. ఈ బండిని ప్రేమించేవాళ్ళు సైతం ఈ పేజీని చింపేయకూడదని నా అభిప్రాయం.

పదవీ విరమణ

2003లో పాంథర్‌కు ఆఖరి పెద్ద ఓవర్‌హాల్ జరిగింది. కొత్త ఫ్రేము, కొత్త స్టీరింగు. ఆ తరవాత కంపెనీ దాని మీద చెప్పుకోదగ్గ ఖర్చు పెట్టలేదు. ఎప్పుడో పెట్టుబడి రాబట్టుకున్న బండి అది, ఏటేటా డబ్బు తెస్తూనే ఉంది. ఆ డబ్బు ఇతర మోడళ్ళకు పోయింది. పాలిచ్చే గేదెకు దాణా తగ్గించినట్టు అయింది వ్యవహారం.

2006లో ఫోర్డ్ నష్టం 1,200 కోట్ల డాలర్లు దాటింది. ఫ్యాక్టరీలనూ, తన నీలిరంగు అండాకారపు చిహ్నాన్ని సైతం తాకట్టు పెట్టి 2,360 కోట్ల డాలర్ల రుణాలు సమకూర్చుకుంది. 1957 నుంచి నడిచిన మిషిగన్‌లోని విక్సమ్ ఫ్యాక్టరీ - టౌన్ కార్ పుట్టిల్లు - 2007 మే నెలలో మూతపడింది. టౌన్ కార్‌ను కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీకి బదిలీ చేశారు. క్రౌన్ విక్టోరియా, గ్రాండ్ మార్క్విస్ అప్పటికే అక్కడ తయారవుతున్నాయి. 2008 మోడల్ నుంచి క్రౌన్ విక్టోరియాను మామూలు కొనుగోలుదారులకు అమ్మడం మానేశారు. పోలీసు శాఖలకూ, టాక్సీ కంపెనీలకూ మాత్రమే. షాపులో కనిపించని సరుకును జనం అడగరు, జనం అడగడం లేదని సరుకు ఆపేస్తారు. ఈ పద్ధతి మనం ఎరిగిందే. రూటు మీద సర్వీసులు తగ్గించి, తరవాత ఆక్యుపెన్సీ రేషియో లేదని రూటునే ఎత్తేసిన సందర్భాలు అన్ని దేశాల్లోనూ ఉంటాయి.

1930ల చివర ఎడ్సెల్ ఫోర్డ్ స్థాపించిన మెర్క్యురీ అన్న పేరుకు 2010లో మంగళం పాడారు. 2011 జనవరిలో వచ్చిన చివరి గ్రాండ్ మార్క్విసే ఆఖరి మెర్క్యురీ. ఇక అసలు గండం. బండి జారినప్పుడు దానంతట అదే బ్రేకులు సర్ది నిలబెట్టే ఎలక్ట్రానిక్ పరికరం తేలిక బండ్లన్నిటికీ ఉండి తీరాలని అమెరికా ప్రభుత్వం 2011 సెప్టెంబరు నుంచి నిర్బంధం చేసింది. పాంథర్‌కు అది లేదు. అమర్చాలంటే ఖర్చు. ముప్ఫై మూడేళ్ళు సంపాదించి పెట్టిన బండికి ఆ ఖర్చు పెట్టడం దండగని కంపెనీ లెక్క తేల్చింది.

2011 ఆగస్టు 29న చివరి టౌన్ కార్, సెప్టెంబరు 15న చివరి క్రౌన్ విక్టోరియా లైను దిగాయి. ఆఖరి బండి సౌదీ అరేబియాకు వెళ్ళింది. పోలీసుల చేతుల్లో పేరు తెచ్చుకున్న బండి కదా, ఆఖరిది ఏ అమెరికన్ పోలీసు స్టేషనుకూ వెళ్ళలేదు. ఆ రోజే సెయింట్ థామస్ ఫ్యాక్టరీ 44 ఏళ్ళ పని ముగిసింది. వెయ్యిమందికి పైగా కార్మికులు రోడ్డున పడ్డారు. తరవాత ఆ కట్టడాలను పడగొట్టారు. ఈవేళ ఆ స్థలంలో అమెజాన్ వారి పెద్ద గిడ్డంగి ఉంది.

విక్సమ్ లాంటి అమెరికన్ ఫ్యాక్టరీల్లో చేసినవాళ్ళ గతి ఏమిటని మన సంఘంలో ఎవరైనా అడగకమానరు. 1949లో ఫోర్డ్ కార్మికులు యూనియన్ ద్వారా పెన్షన్ సాధించుకున్నారు. 30 ఏళ్ళ సర్వీసు, 65 ఏళ్ళ వయసు ఉంటే, ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య భృతితో కలిపి నెలకు 100 డాలర్లు. ఆ పునాది మీద వైద్య సౌకర్యం కూడా తరవాత వచ్చింది. 2007 ఒప్పందంలో కంపెనీ ఆ వైద్యభారాన్ని ఒక ట్రస్టుకు అప్పగించి, తన పుస్తకాల్లోంచి తీసేసింది. 2010 నుంచి ఆ ట్రస్టే రిటైరైన కార్మికుల వైద్యం చూస్తోంది. అంటే కారును లైను నుంచి దింపుతున్న రోజుల్లోనే, కారును కట్టినవాళ్ళ మందుల ఖర్చును కూడా ఖాతా నుంచి దింపుకున్నారు. మంచో చెడో, హక్కు పోకుండా ఏదో ఒక ఏర్పాటు మిగిలిందంటే అది వాళ్ళ వెనక యూనియన్ ఉండబట్టే.

ఈ రిజిస్టరు ఏం చెబుతోంది?

పాంథర్ పోయాక దాని పని చెయ్యడానికి వేరే బండ్లు వచ్చాయి. పోలీసులకు టారస్ మీద కట్టిన సెడాన్, ఎక్స్‌ప్లోరర్ మీద కట్టిన ఎస్‌యూవీ ఇచ్చారు. పోలీసులు ఎక్కువగా ఎస్‌యూవీనే ఎంచుకున్నారు. 2018లో ఫోర్డ్ అమెరికాలో సెడాన్లన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2019లో టారస్ పోయింది, 2020లో లింకన్ కాంటినెంటల్ పోయింది. పాంథర్‌ను తప్పించి దాని కుర్చీలో కూర్చోబెట్టిన సెడాన్ ఎనిమిదేళ్ళు కూడా నిలవలేదు.

నేను దీన్నుంచి గ్రహించింది ఒక్కటే. ఈ బండికి 33 ఏళ్ళ ఆయుష్షు ఎవరూ రాసిపెట్టలేదు. మొదటిసారి డబ్బు లేక కొనసాగించారు, రెండోసారి చమురు చవకై కొనసాగించారు, మూడోసారి పోటీదారు తప్పుకోవడంతో కొనసాగించారు. అన్నిసార్లూ అది తన పని తాను చేసింది, ఎందుకంటే అది విప్పి బాగుచేసుకోవడానికి వీలైన బండి. కండెమ్ చెయ్యడానికి కారణం వయసు కాదు. ట్యాంకు జరపవలసిన రోజున జరపలేదు, రక్షణ పరికరం పెట్టవలసిన రోజున పెట్టలేదు. పని మాత్రం పూర్తిగా చేయించుకున్నారు. బండి పాతదైపోయిందని ఎవరైనా అంటే, వర్క్‌షాపు మనిషిగా నేను మొదట అడిగేది దాని లాగ్‌షీటు: చివరిసారి ఎప్పుడు బాగుచేశారు, ఎంత ఖర్చు పెట్టారు? ఆ రెండు గడులూ ఖాళీగా ఉంటే తప్పు బండిది కాదు.

ఈనాటికీ అమెరికాలో అక్కడక్కడా పాత గ్రాండ్ మార్క్విస్‌లు తిరుగుతూనే ఉన్నాయి. ఈసారి పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు వీధిలో అలాంటిది కనిపిస్తే, ఆగి దాని వెనక తలుపు వెడల్పు ఒకసారి చూడండి. యజమాని ఒప్పుకుంటే కూర్చుని కూడా చూడండి. నేను చెప్పిన విలాసం ఏమిటో మీ మోకాళ్ళే మీకు చెబుతాయి.

వంటవాళ్ళు అటునుంచి సైగ చేస్తున్నారు గనుక సెలవు తీసుకుంటాను.